యేసుమణి నిప్పా, మట్టా

అమీర్‌పేట అప్పుడింకా పట్నం కాదు, పట్నానికి పొరుగూరు. లక్డీకాపూల్ నుంచి వచ్చే టాంగావాడు పంజాగుట్ట దగ్గర గుర్రాన్ని ఆపి "ఇగ దిగున్రి" అనేవాడు. అక్కణ్ణుంచి అమీర్‌పేటకు జొన్న చేల మధ్య బండ్లబాటే. ఒక పక్క జామతోటలు, ఇంకో పక్క బండలు. పొద్దుగూకే వేళ ఆ బాటన నడిస్తే మగ్గిన జామపండు వాసనా పిడకల పొగా కలిసి వచ్చేవి. ఆ వాసన ఎరిగినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, ఎరగనివాళ్లకు చెప్పినా లాభం లేదు.

ఆ బాట మీద రోజూ పొద్దున్నే పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు నడిచిపోయే మనిషి యేసుమణి. 1937లో ఆమెకు పాతికేళ్లుంటాయి. అమీర్‌పేటలో మిషన్ వాళ్ల చిన్న దవాఖాన ఉండేది, రెండు గదులు, ఒక వసారా. అందులో సీసాలు కడగడం, కట్టుగుడ్డలు ఉడకబెట్టడం, సూది మందుకు ఝడుసుకునేవాళ్లను పట్టుకు కూర్చోవడం ఆమె పని. మొగుడు దయారత్నం ఒక నవాబు గారింట్లో మోటారు తుడిచేవాడు. మహా మితభాషి. ఇంట్లో ఆ లోటు మణి ఒక్కతే తీర్చేది కాబట్టి ఆయనకు మాట్లాడే అవసరం పడలేదు.

మణి నోరు ఊరందరికీ ఎరుకే. వరస తప్పి ముందుకొచ్చిన ఒక నవాబు దేవిడీలో లెక్కలు రాసే మున్షీని, ఇక్కడ జ్వరానికి నవాబూ లేడు నౌకరూ లేడని ఉర్దూలోనే చెప్పి, వసారాలో చెప్పుల పక్కన కూర్చోబెట్టింది. తాగొచ్చి పెళ్లాన్ని ఈడ్చుకుపోబోయిన ఒక మొగవాణ్ణి, చేతిలో మసిలే నీళ్ల గిన్నెతో ఎర్రమంజిల్ గుట్ట దాకా తరిమింది. చీటికీ మాటికీ ఎవరింట్లో తగువొచ్చినా మణికి కబురొచ్చేది. అలాగని గయ్యాళి కాదు. బాలింతల తలకు నూనె రాసేటప్పుడు ఆ నోట్లోంచే వచ్చే మాటలు వింటే ఎవరికైనా కంటికి కునుకు వచ్చేది.

ఆమెకు ఒకటే కోరిక, మంత్రసాని చదువు నేర్చుకోవాలని. పల్లెల్లో చేసే పాతపని కాదు, దవాఖాన పద్ధతిలో నేర్పే చదువు. దానికి కారణం అక్క తబితా. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి, రెండు పగళ్లు నొప్పులు పడి, గుడిసెలోనే పోయింది. ఏం చెయ్యాలో అక్కడ ఒక్కరికీ తెలియలేదు. అక్క పోయిన దుఃఖం కంటే, తాను పక్కనే ఉండి కూడా చేతకాక కూర్చున్న దుఃఖం మణిని ఎక్కువ తినేది. ఆ సంగతి ఎవరితోనూ అనేది కాదు, ఇన్ని మాటలు మాట్లాడే మనిషి.

ఆ ఏడు దవాఖాన నడిపే దొరసానమ్మ సెలవు మీద తన దేశం పోయి తిరిగొచ్చింది. ఆమె పేరు ఎవరి నాలుకకూ తిరగక అందరూ దొరసానమ్మనే పిలిచేవారు. మంచి మనిషి, కొంచెం పుస్తకాల పిచ్చి. తెలుగు కూడా పుస్తకాల్లోంచే నేర్చుకుంది కాబట్టి "కడుపులో నొప్పి కలదా" అని అడిగేది. వస్తూ వస్తూ రెండు వార్తలు తెచ్చింది. దూరపు మిషన్ ఆసుపత్రిలో మంత్రసాని చదువుకు ఈ దవాఖాన నుంచి ఒక్క మనిషిని తీసుకుంటారు, రెండేళ్లు అక్కడే ఉండాలి. ఆ ఒక్క మనిషిని ఈసారి సిఫారసుల మీద కాక, తానే పరీక్ష పెట్టి ఎంచుతుంది.

చదువు పరీక్ష అయితే సగం మంది అక్కడే లేచిపోయేవారు. ఇది స్వభావ పరీక్షట. వాళ్ల దేశంలో పెద్ద పెద్ద డాక్టర్లు కనిపెట్టారట. మనుషులు నాలుగు రకాలట, నిప్పు, గాలి, నీరు, మట్టి. నిప్పు మనుషులు ధైర్యస్థులు, ముందు నడుస్తారు. గాలి మనుషులు కలుపుగోలు వాళ్లు, నిలకడ తక్కువ. నీటి మనుషులు చల్లనివాళ్లు, కదిలిస్తే కదులుతారు. మట్టి మనుషులు భయస్థులు, మెతకవాళ్లు, చెప్పిన పని చేస్తారు గాని తమంతట తాము అడుగు వెయ్యరు. పురుడు పొయ్యడానికి నిప్పు మనిషి కావాలి. ఎవరు ఏమిటో కొన్ని ప్రశ్నలు అడిగితే బయటపడుతుందని దొరసానమ్మ నమ్మకం.

మిషన్ వాళ్ల ప్రార్థన మందిరంలో పరీక్ష పెట్టింది. దవాఖాన వసారా చాలదు, మందిరంలో అయితే చాపలున్నాయి. అక్కడ వారం వారం ప్రార్థన కూటానికి వచ్చే ఆడవాళ్లందరినీ రమ్మంది. ముందు ఒక ప్రార్థన చేసింది, ఒక పాట పాడించింది, తరువాత బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచింది. ఆమె చేసిన పొరపాటల్లా ఇదే. పాట పాడి, ప్రార్థన చేసి, మందిరంలో అందరి ముందూ నిలబెట్టి "నీవు ఎటువంటిదానవు" అని అడిగితే, దాన్ని ఆ ఆడవాళ్లు పరీక్ష అనుకోలేదు, సాక్ష్యం అనుకున్నారు.

సాక్ష్యం సంగతి చెప్పాలి. శుక్రవారం సాయంత్రం ఆడవాళ్ల కూటంలో ఒక్కొక్కరు లేచి తమ గురించి చెప్పుకునే ఆచారం ఉండేది. చెప్పుకోవడం అంటే తగ్గించి చెప్పుకోవడం. "నేను బలహీనురాలిని, నాకు కోపం ఎక్కువ, నాకు ఏమీ చేతకాదు, నా అంత పాపి ఈ ఊళ్లో లేదు." ఎంత తగ్గితే అంత భక్తి. తన గురించి పొరపాటున ఒక మంచి మాట అన్నావా, వచ్చే శుక్రవారం దాకా బావి దగ్గర నీ ముచ్చటే. ఈ కూటానికి పెద్ద రూతమ్మ. తెల్లచీర, నెరిసిన జుట్టు, నిటారు మనిషి. తనను తాను తగ్గించుకోవడంలో రూతమ్మను మించినవాళ్లు లేరు. ఆమె యేసుమణికి స్వయానా అత్తగారు.

ఆ అత్తగారు ముందు వరసలో కూర్చుని ఉండగా దొరసానమ్మ మణిని పిలిచి అడిగింది.

"అపరిచితులతో మాట్లాడుటకు జంకుదువా?"

మణి తల వంచుకుంది. "జంకుతనమ్మా."

"నలుగురిలో ముందు నిలుచుట నీకు ఇష్టమా?"

"కాదమ్మా. నేను ఎనకాలనే ఉంట."

"ఆపద వచ్చినప్పుడు ధైర్యముగా ఉందువా?"

"నాకు భయమమ్మా. నేనెంత, నా ధైర్యమెంత."

వెనక నుంచి ఎవరో "స్తోత్రం" అన్నారు. దొరసానమ్మ మణి కేసి కళ్లద్దాల మీదుగా ఒకసారి చూసింది. మున్షీని చెప్పుల పక్కన కూర్చోబెట్టిన మనిషేనా ఈమె అనుకుని ఉంటుంది. కాని సైన్సు సైన్సే.

అలా ఒకరి తరువాత ఒకరు. ఆఖరుకు వాకిట్లో కడవ దించుకుంటున్న సత్తెమ్మను కూడా పిలిచింది. సత్తెమ్మ దవాఖానకు నీళ్లు మోసే మనిషి, ఊరి కాపుల ఆడది, మందిరానికీ ఆమెకూ వాకిలి ఊడ్చే సంబంధమే. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. జంకుతావా అంటే "నాకేం జంకు, ఆళ్లేమన్న పులులా" అంది. ముందు నిలుస్తావా అంటే "నేను ముంగట లేకుంటె పనెట్ల నడుస్తది" అంది. చాపల మీద కూర్చున్నవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు ఫలితం చెప్పింది దొరసానమ్మ. కూటంలోని ఆడవాళ్లంతా, ఒక్కరు తప్పకుండా, మట్టి. సత్తెమ్మ నిప్పు.

ఆడవాళ్లకు పరమానందం. దేవుడు మనిషిని చేసింది మట్టితోనే గదా, మనం మట్టిగా తేలడం కంటే కావలసిందేముందని రూతమ్మ అంది. దొరసానమ్మ మాత్రం దిగులుపడింది. ఇక్కడ పంపదగిన మనిషి లేదు కాబట్టి కోస్తా నుంచి ఎవరినైనా పిలిపించమని పైవాళ్లకు చెప్పాలనుకుంది.

మణి ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. సాక్ష్యం బాగా చెప్పానన్న తృప్తి బాటలోనే ఇగిరిపోయింది. చదువు పోయిందన్న సంగతి అప్పుడే లోపలికి దిగుతోంది. దాంతో పాటే ఇంకో పురుగు కూడా తొలచడం మొదలుపెట్టింది. దొరసానమ్మ చదువుకున్న మనిషి. మనిషి లోపల ఏముందో చూసే పరీక్ష అంది. ఒకవేళ నేను మట్టేనేమో. పైకి ఈ నోరంతా ఉత్త డాబేనేమో. అక్క పక్కన కూర్చుని ఏం చేశాను కనక.

సరే, మట్టి అయితే మట్టిలాగే ఉండి చూద్దామనుకుంది. మర్నాడు కూరగాయలమ్మే సీతాబాయి వంకాయలకు చెప్పిన ధర బేరం ఆడకుండా ఇచ్చేసింది. సీతాబాయి వంకాయలు ఇవ్వకుండా మణి ముఖంలోకి చూసి, ఇంట్లో ఎవరికన్నా ఏమన్నా అయిందా అని అడిగింది. బావి దగ్గర ఎవరో తన వంతు లాక్కుంటే ఊరుకుంది. ఊరుకున్నందుకు వాళ్లే భయపడి వంతు తిరిగి ఇచ్చేశారు. రాత్రి అన్నం ముందు కూర్చున్న దయారత్నం, పెళ్లయ్యాక మొదటిసారి తానే మాట మొదలుపెట్టాడు.

"పాణం బాగలేదా, మణీ?"

"మంచిగనే ఉన్న. నేను మట్టినంట."

ఆయన ఆలోచించి, "మట్టైతె గింత సప్పుడు చెయ్యది" అన్నాడు. మళ్లీ అన్నంలో పడ్డాడు. మణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఈలోపు దవాఖానలో ఇంకో కథ నడిచింది. దొరసానమ్మకు మనసు ఆగక, సత్తెమ్మనే పంపితే ఏమని అనిపించింది. సైన్సు చెప్పాక కులమేమిటి మతమేమిటి అనుకుంది పాపం. సత్తెమ్మను పిలిచి అడిగింది. సత్తెమ్మ కడవ కింద పెట్టలేదు.

"నాకు సదువు రాదమ్మా. ఇంటికాడ రెండు ఎనుములున్నయి, ఆటిని ఎవరు సూస్తరు? మన మణిని పంపు."

"యేసుమణి మట్టి. తానే చెప్పినది."

"గామె అబద్దమాడింది. మీ గుడిల అందరు గట్లనే అంటరమ్మా, వాకిలి ఊడ్సుకుంట ప్రతి శుక్కురారం ఇంటున్న గద. మా రుద్రమ్మ బిడ్డకు ఫిట్సొచ్చినప్పుడు నలుగురు మొగోళ్లు దూరం నిలవడ్డరు. పండ్ల సందుల గుడ్డ వెట్టింది మణి. గామె మట్టంటె ఎట్ల నమ్మినవమ్మా నువ్వు?"

దొరసానమ్మ మణిని లోపలికి పిలిచింది. మామూలుగా చల్లటి మనిషి, ఆ రోజు ముఖం కందిపోయి ఉంది.

"మందిరములో అబద్ధము చెప్పితివా?"

"అబద్ధం కాదమ్మా," అంది మణి, తడబడుతూ. "సాక్ష్యం."

ఆ మాట అర్థం కావడానికి దొరసానమ్మకు చాలాసేపు పట్టింది. మణి చెప్పుకొచ్చింది, మేమంతా ఇట్లనే చెప్తామని, అత్తమ్మ ముంగట ఇంకెట్లా చెప్పగలనని. దొరసానమ్మ తన కాగితాలన్నీ ఒక పక్కకు నెట్టి తల పట్టుకుంది. తరువాత, "అయితే నిజము ఏమి? ఇప్పుడు చెప్పుము," అంది.

మణి నోరు తెరిచింది. నేను ధైర్యస్థురాలిని అనాలి, అంతే కదా. ఊళ్లో ఎవరి గురించైనా అనగలదు ఆ మాట. తన గురించి అనబోతే శుక్రవారం మాటలే నాలుక మీదికి వస్తున్నాయి. "నన్ను నేను మంచిగ చెప్పుకునుడు నాకు రాదమ్మా" అని ఊరుకుంది.

"అందరి ముందు చెప్పినది అందరి ముందే సరిచేయవలెను," అంది దొరసానమ్మ. "శుక్రవారము కూటములో చెప్పుము. చెప్పనిచో శనివారము నేను కోస్తాకు కబురు పంపుదును. ఇంకొక మాట. నీ ఇంటి పెద్దలు ఒప్పుకొననిదే నిన్ను రెండేళ్లు తీసికొనిపోలేను."

ఇంటి పెద్ద అంటే రూతమ్మ. ఒక్క శుక్రవారం మీదే అన్నీ వచ్చి పడ్డాయి.

ఆ శుక్రవారం ఎప్పటిలాగే రూతమ్మ మొదట లేచింది, తన అంత అయోగ్యురాలు లేదని చెప్పింది, కూర్చుంది. ఇంకో ఇద్దరు ముగ్గురు చెప్పారు. మణి లేచింది. అలవాటు కొద్దీ "నేను పాపిని" అని మొదలుపెట్టి, ఆగింది. చీర కుచ్చెళ్లు గట్టిగా పట్టుకుంది.

"మొన్న పరీక్షల దొరసానమ్మ అడిగితె నాకు భయమన్న. నాకు భయం లేదు. కొత్తోళ్లతోని మాట్లాడ రాదన్న. నాకొస్తది. మస్తుగ వస్తది, గది మీకెరుకే."

ఎవరో కిసుక్కుమని, ఆపుకున్నారు.

"మా అక్క తబితా కాన్పుల పోయినప్పుడు లోపలున్నోళ్లు సూడలేక ఒకరెన్క ఒకరు బయటికొచ్చిన్రు. నేను రాలే. ఆఖరు దాంక అక్క చెయ్యి ఇడువలే. నాకు పని రాదు గని ధైర్యమైతె ఉండె. పని నేర్పితె నేను చేస్త." అనవలసిన ఆఖరు మాట కూడా అనేసింది. "గీ కూటంల నాకంటె మంచిగ చేసేటోళ్లు లేరు."

సాక్ష్యం అయ్యాక అందరూ "స్తోత్రం" అనాలి. ఒక్కరూ అనలేదు. ఆడవాళ్లు రూతమ్మ వీపు కేసి చూస్తున్నారు. దొరసానమ్మ కూడా రూతమ్మనే చూసి, మీ కోడలిని పంపుటకు ఒప్పుకొందురా అని అడిగింది.

"ఇంటికి పోయినంక చెప్తం," అంది రూతమ్మ.

తరువాత సంగతులు అమీర్‌పేట అంతటికీ తెలుసు. మణి చదువుకు పోయింది, రెండేళ్లకు తిరిగొచ్చింది. యుద్ధం రోజుల్లో, బియ్యం దొరకని రోజుల్లో, పంజాగుట్ట దేవిడీల్లోనూ బోరబండ గుడిసెల్లోనూ పుట్టినవాళ్లు చాలామంది ఆమె చేతుల్లోనే కళ్లు తెరిచారు. పురిటింటి గడపలో మొగవాళ్లను ఆమె అరిచే అరుపు నేటికీ తలుచుకునేవాళ్లున్నారు. దొరసానమ్మ మళ్లీ ఎన్నడూ ఆ పరీక్ష పెట్టలేదు. కాని ఆ శుక్రవారం కూటం విడిచాక బాటలో ఏం జరిగిందో మణి ఎవరికీ చెప్పలేదు. 1946లో రూతమ్మ పోయాక, దినం నాడు, దయారత్నం పక్కన కూర్చుని చెప్పింది.

ఆ సాయంత్రం అత్తా కోడలూ జామతోట పక్కన నడుస్తున్నారు. అత్త ముందు, కోడలు నాలుగడుగులు వెనక. ఇంటికి పోయాక ఏ తిట్టు పడుతుందో, ఎంత తిట్టినా పడదాం, పంపితే చాలు అనుకుంటూ మణి నడుస్తోంది. పంజాగుట్ట మలుపు రాగానే రూతమ్మ ఒక బండ మీద కూలబడింది. కోడలి వైపు చూడకుండా, దూరంగా చేల వైపు చూస్తూ మొదలుపెట్టింది.

"మణీ, నేను సిన్నప్పుడు మంచిగ పాడుతుంటి."

మణి ఆమె పాట ఎన్నడూ వినలేదు. కూటంలో పాటప్పుడు రూతమ్మ పెదవులు కదిలేవి, అంతే. భక్తి అనుకునేవారు అందరూ.

"మస్తు మంచిగ పాడుతుంటి. అందరి కంటె మంచిగ. మా ఊరికి పాదిరి వచ్చి, పాట నేర్పే బడికి ఒక్క పిల్లను తీస్కపోత అన్నడు. అందరు నన్నే సూపిచ్చిన్రు. నీకు పాట వస్తదా బిడ్డా అని అడిగిండు. మా అమ్మ పక్కన్నే ఉండె. రాదయ్యా అన్న. మా అమ్మ ఎంత సంబురపడ్డదో. ఆయన ఇంకో పిల్లను తీస్కపోయిండు." అప్పుడు కోడలి వైపు తిరిగింది. "నాకు పాటొస్తది అనుడు పాపమా, బిడ్డా?"

మణి బండ పక్కన కింద కూర్చుని అత్త మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడు పాడు, అత్తమ్మా. ఈడ ఎవరు లేరు."

రూతమ్మ బాటకు అటూ ఇటూ చూసింది. కొంగు సర్దుకుని నోరు తెరిచింది. రెండు మాటలు వచ్చాయి. మూడో మాట దగ్గర గొంతు జీరపోయి దగ్గు తెర వచ్చింది. తగ్గాక కళ్లు తుడుచుకుంది.

"పోయింది," అంది. "ఎన్నడు పాడకుంటె ఏడుంటది, పోయింది. నువ్వు పో, బిడ్డా."